పుంజు ముడుచుకుని కూర్చుంటే

సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వెళ్ళే రైలు మార్గంలో నాందేడ్‌కు కాస్త ముందు ముద్ఖేడ్ జంక్షన్ వస్తుంది. అక్కడ ఒక పాయ విడిపోయి భోకర్, హిమాయత్‌నగర్, కిన్వట్ మీదుగా ఆదిలాబాద్ పోతుంది. అసలు లైను మీద ముద్ఖేడ్‌కు ముందే నిజామాబాద్, బాసర, ధర్మాబాద్, ఉమ్రి వస్తాయి. 1956 నవంబరు 1 దాకా ఇదంతా ఒకే హైదరాబాద్ రాష్ట్రం. ఆ తరువాత నాందేడ్ అప్పటి బొంబాయి రాష్ట్రంలోకి, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. అయినా పెళ్ళి సంబంధాలు, సంతలు, చుట్టరికాలు సరిహద్దు దగ్గర ఆగిపోలేదు. బంధువుల ఇంటికి పట్టుకెళ్ళే పుంజులు, సంతలో బేరమాడి కొన్న పెట్టలు ఇప్పటికీ ఈ దారుల్లోనే అటూ ఇటూ తిరుగుతాయి. వాటితో పాటే తెగుళ్ళూ తిరుగుతాయి.

పెద్ద షెడ్లలో వేల కోళ్ళు పెంచేవారికి సలహా చెప్పే డాక్టరు, మందుల కంపెనీ మనిషి ఒక్క ఫోనుతో పలుకుతారు. పెరట్లో ఐదారు పెట్టలు, ఒక పుంజు పెట్టుకున్న ఇంటికి ఆ వసతి లేదు. ఆ ఇల్లాలికి అవి పండగ ఖర్చు, పిల్లల గుడ్డు, అవసరానికి చేతిలో ఆడే డబ్బు. అందులో పుంజు ఒక పొద్దున కూయకుండా రెక్కలు వాల్చి మూలన కూర్చుంటే ఆమెకు తోచే దారులు సాధారణంగా మూడు: మెడికల్ షాపులో ఏదో గోళీ అడగడం, చచ్చేలోపు కోసుకోవడం, సంతలో అమ్మేయడం. మూడూ నష్టం తెచ్చేవే. ఆ ఇంటి కోసమే ఈ వ్యాసం.

ముందు ఒక సంగతి తెలియాలి. కోడి తన జబ్బును దాస్తుంది. మందలో నీరసపడినదాన్ని తక్కినవి పొడుస్తాయి, వేరే పుంజు ఉంటే తరిమి కొడుతుంది. అందుకని నిలబడగలిగినంత సేపూ నిలబడే ఉంటుంది. మనకు కనబడేలా ముడుచుకుని కూర్చుందంటే జబ్బు మొదలై అప్పటికే రెండు మూడు రోజులు అయి ఉండవచ్చు. పుంజులో అయితే ఇంకా ముందుగా పసిగట్టే గుర్తులు కొన్ని ఉన్నాయి. తెల్లవారుజామున కూత ఆలస్యమవడం, గొంతు బొంగురుపోవడం, గింజ కనబడితే పెట్టలను పిలవడం మానేయడం, గూటిలో ఎప్పుడూ కూర్చునే ఎత్తు వదిలి కింది కొయ్య మీదకో నేల మీదకో దిగడం. రోజూ మేత వేసే చేతికి ఇవన్నీ తెలుస్తాయి. ఆ అనుమానాన్ని కొట్టిపారేయకండి.

రోగం పేరు తెలియకముందే చేయాల్సిన పని వేరు పెట్టడం. జబ్బు ఏదో తేల్చుకున్నాక విడదీద్దామని చూస్తూ కూర్చుంటే, తాగే నీళ్ళ గిన్నెలోంచే అది మందంతా పాకుతుంది. ఒక పెద్ద గంప కింద గానీ, పాత మేకల కొట్టంలో గానీ, తక్కిన కోళ్ళకు గాలి వాలు తగలని చోట ఉంచండి. నీళ్ళ గిన్నె, మేత చిప్ప దానికి వేరు. ముందు బాగున్న కోళ్ళకు మేత వేసి, చివరన దీని దగ్గరికి వెళ్ళండి. వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి, చెప్పులు అక్కడే విడవండి. మనం కోడి నుంచి కోడికి రోగం మోసేది ఎక్కువగా చెప్పులకు అంటిన రెట్టతోనే.

ఇక చూడటం. పట్టుకోకముందు దూరం నుంచి కాసేపు చూడండి. పట్టుకుంటే బెదిరి రొప్పుతుంది, అప్పుడు ఊపిరి సంగతి తేలదు. నోరు తెరిచి, మెడ చాచి, ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతుంటే అది శ్వాసకు సంబంధించిన బాధ. రాత్రి నిశ్శబ్దంలో గూటి దగ్గర చెవి పెట్టి వింటే గురక వినబడుతుంది. అయితే మే నెలలో మరాఠ్వాడా ఎండకు బాగున్న కోడి కూడా నోరు తెరుచుకుని, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుని ఉంటుంది. నీడకు చేర్చి చల్లటి నీళ్ళు పెట్టి, కాళ్ళు తడిపితే కాసేపటికి తేరుకుంటుంది. తేరుకోకపోతే ఎండదెబ్బ కాదు, మరేదో ఉంది.

తరువాత సందె వేళ, మెల్లగా రెక్కలు కలిపి పట్టుకుని ఒడిలో పెట్టుకోండి. ఒళ్ళు వేడిగా తగిలితే జ్వరం అనుకోకండి. కోడికి మామూలుగానే 41 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, మనకన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ. వేళ్ళతో రొమ్ము మధ్య ఎముకను తడమండి. దానికి రెండు వైపులా కండ నిండుగా ఉంటే జబ్బు కొత్తది. ఎముక కత్తి అంచులా చేతికి గుచ్చుకుంటుంటే వారాలుగా చిక్కిపోతోందన్నమాట. అప్పుడు నట్టలు, పేలు, గోమార్లు, ఏదో దీర్ఘరోగం వైపు ఆలోచించాలి. ఈ ఒక్క తడమడమే సగం సంగతి చెబుతుంది. పుంజు ఈకల నిండుతనం చూసి బలంగా ఉందని మోసపోయేవారే ఎక్కువ.

మెడ కింద, రొమ్ముకు పైన మేత నిలువ ఉండే సంచిని పొద్దున్నే, ఏమీ తినకముందు చూడండి. రాత్రి తిన్నది అరిగి తెల్లారేసరికి ఖాళీగా ఉండాలి. అప్పటికీ గట్టి ముద్దలా ఉంటే పీచు గడ్డో, ప్లాస్టిక్ ముక్కో, దారమో అడ్డుపడి ఉండవచ్చు. నీళ్ళ సంచిలా జారుతూ, నోటి నుంచి పులిసిన వాసన వస్తుంటే మేత లోపలే పులుస్తోంది. ఆ స్థితిలో కోడిని తలకిందులు చేసి కక్కించే మొరటు వైద్యం చేయవద్దు. ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగితే కోడి అక్కడికక్కడే చావవచ్చు.

తల మీది జుట్టు, దవడ కింది తమ్మెలు ఎర్రగా, మెత్తగా ఉండాలి. పాలిపోయి ఉంటే రక్తం తగ్గింది. నీలి నలుపుకు తిరిగితే రక్తప్రసరణో, ఊపిరో దెబ్బతింది. అది గట్టి ప్రమాద సూచన. జుట్టు మీద, కళ్ళ చుట్టూ నల్లటి పొక్కులు గట్టిపడి ఉంటే మశూచి. మరాఠీలో దీన్ని 'దేవి' అంటారు. వానల తరువాత దోమలతో వ్యాపిస్తుంది. ఈక లేని చోట్లకే పరిమితమైతే రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. కాకపోతే పొక్కులతో కన్ను మూసుకుపోయిన కోడి మేత కనబడక ఆకలితో చస్తుంది. మరిగించి చల్లార్చిన నీళ్ళతో కన్ను తుడిచి, మేత దాని ముక్కుకు అందేలా పెడితే చాలావాటిని కాపాడుకోవచ్చు. నోరు తెరిచి గొంతులో పసుపుపచ్చటి పొరలు ఉన్నాయేమో కూడా చూడండి. అవి ఊపిరి దారిని మూసేస్తాయి, వాటికి డాక్టరే కావాలి. ముఖం ఒకవైపు వాచి, ముక్కు నుంచి చీమిడి కారుతూ దుర్వాసన వస్తుంటే అది కొరైజా అనే బాక్టీరియా జబ్బు. దానికి మందు ఉంది గానీ కోలుకున్న కోడి కూడా రోగాన్ని మోస్తూనే ఉంటుంది.

రెక్కల కింద, మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూడండి. పేలు పరుగెత్తడం, ఈకల మొదళ్ళలో గుడ్ల గుత్తులు కనబడతాయి. గోమార్లు అలా దొరకవు. పగలంతా గూటి చెక్కల సందుల్లో, గోడ పగుళ్ళలో దాక్కుని రాత్రి మాత్రమే వచ్చి రక్తం తాగుతాయి. పగలు కోడిని ఎంత వెతికినా కనబడనందున "ఏ పురుగూ లేదు, అయినా పాలిపోతోంది" అని అయోమయపడతాం. రాత్రి టార్చి పట్టుకుని గూడు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పగుళ్ళు పూడ్చి, సున్నం వేసి, కొయ్యలను మంటతో కాస్త కాల్చితే ఆ బాధ వదులుతుంది. మందు కోడికన్నా గూటికి ఎక్కువ అవసరం.

పాదాల కింద నల్లటి చెక్కు, దాని చుట్టూ వాపు ఉంటే ముల్లో రాయో గుచ్చుకుని చీము పట్టింది. బరువైన పుంజు ఎత్తు నుంచి గట్టి నేల మీదకు దూకుతుంది కాబట్టి ఇది పెట్టలకన్నా పుంజులకే ఎక్కువ. కుంటుతున్న పుంజులో చూడాల్సిన మొదటి చోటు పాదం. పాదం బాగుండి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి పడి ఉందంటే, అందులోనూ వయసు కొన్ని నెలలే అయితే, మారెక్స్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి. దానికి మందు లేదు.

రెట్ట చూడటానికి గంప కింద పాత పేపరు పరవండి. గోధుమ రంగులో ఉండి పైన తెల్లటి పూత ఉన్నది మంచి రెట్ట. రోజులో ఒకటి రెండుసార్లు చాక్లెట్ రంగులో జిగటగా, కంపు కొట్టేది వేస్తుంది. అదీ మామూలే. కోడిపిల్లల్లో రక్తం కలిసి వస్తే రక్తపారుడు. మూడు నుంచి ఆరు వారాల వయసులో ఇది ఎక్కువ. ఎదిగిన పుంజులో ఆకుపచ్చ రెట్ట వచ్చిందంటే రెండు అర్థాలు. కడుపు ఖాళీగా ఉండి పైత్యరసం ఒక్కటే దిగుతూ ఉండవచ్చు. లేదా, అందరూ భయపడే కొక్కెర తెగులు అయి ఉండవచ్చు.

కొక్కెర తెగులు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన పెరటి కోళ్ళను మందలకు మందలుగా తుడిచిపెట్టేది ఇదే. ముద్ఖేడ్ వైపు మరాఠీలో 'మానమోడి' అంటారు. వైద్యులు రాణీఖేత్ వ్యాధి అంటారు. 1920ల చివర్లో కుమావ్ కొండల్లోని రాణీఖేత్‌లో మన దేశంలో దీన్ని గుర్తించారు. ఆ రోజుల్లోనే జావాలో, ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో కూడా బయటపడింది కాబట్టి ప్రపంచమంతా న్యూకాసిల్ వ్యాధి అంటుంది. వైరస్ ఒంట్లో చేరాక మామూలుగా ఐదారు రోజులకు బయటపడుతుంది. కునుకు, మేత మానడం, నోరు తెరిచి రొప్పడం, తెలుపు కలిసిన ఆకుపచ్చ పారుడు, ఆ తరువాత రెక్క పడిపోవడం, మెడ మెలిపడి తల వెనక్కు తిరిగిపోవడం. టీకా లేని మందలో నూటికి నూరూ పోవచ్చు. దీనికి ఏ దుకాణంలోనూ మందు లేదు. యాంటీబయోటిక్ వైరస్‌ను చంపదు. మెడ తిరిగిన పుంజు ఒక్కోసారి బతికి బట్టకడుతుంది. చేత్తో నీళ్ళు, మెత్తటి మేత పెట్టే ఓపిక ఉంటే నిలబెట్టుకోవచ్చు. కానీ అది కొంతకాలం వైరస్‌ను విడుస్తూనే ఉంటుంది కాబట్టి మందలో కలపడానికి తొందరపడకూడదు.

ఇదే లక్షణాలతో మరొకటి వస్తుంది, అది బర్డ్ ఫ్లూ. మన దేశంలో మొదట 2006 ఫిబ్రవరిలో, నాందేడ్ ఉన్న మహారాష్ట్రలోనే, నవాపూర్‌లో బయటపడింది. 2021 జనవరిలో నాందేడ్‌కు పక్కనున్న పర్భణీ జిల్లా మురుంబా గ్రామంలో వందల కోళ్ళు చనిపోయాక నిర్ధారణ అయింది. 2025 జనవరిలో నాందేడ్ జిల్లాలోనే, లోహా తాలూకా కివళా గ్రామంలో వచ్చింది. అదే నెల లాతూర్ జిల్లా ఉద్గీర్‌లో కాకులు చచ్చిపడ్డాయి. ఆ మరుసటి నెల ఉభయ గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలను కుదిపేసింది. మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పాప ఈ వైరస్‌తో కన్నుమూసింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని విచారణలో తేలింది. కొక్కెర తెగులుకూ బర్డ్ ఫ్లూకూ తేడా కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, అనుభవజ్ఞుడైన డాక్టరు కూడా. భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు నమూనా వెళ్ళాల్సిందే. అందుకే ఒకటి రెండు రోజుల్లో మూడు నాలుగు కోళ్ళు వరసగా పోయినా, తలలు వాచి జుట్లు నీలిరంగుకు తిరిగినా, ఊళ్ళో కాకులు పడిపోతున్నా ఇక ఇంటి వైద్యం ఆపేయండి. చచ్చిన కోడిని కోసి లోపల ఏముందో చూడాలనే కుతూహలం వద్దు. పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు. పశువుల దవాఖానాకు కబురు చేయండి. 2009 నాటి చట్టం ప్రకారం అంటురోగం అనుమానం వస్తే తెలియజేయడం యజమాని బాధ్యత. చెబితే ఉన్న కోళ్ళన్నీ చంపేస్తారన్న భయం చాలామందిది. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ సర్కారు చంపించిన కోళ్ళకు పరిహారం ఇస్తుంది, దాచిపెట్టగా రోగంతో చచ్చినవాటికి ఇవ్వదు.

ఒక్క పుంజే జబ్బుపడి, తక్కినవి మామూలుగా తిని తిరుగుతుంటే అంత భయం అక్కరలేదు. దానికి కావలసింది ముందు వెచ్చదనం, నీళ్ళు. చలి రాత్రుల్లో గంప మీద గోనెసంచి కప్పి, కింద ఎండుగడ్డి పరవండి, గాలికి సందు వదలండి. లీటరు నీళ్ళలో కొంచెం బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి రోజుకు ఒకటి రెండుసార్లు తాజాగా పెట్టండి. ఉప్పు ఎక్కువైతే కోడి తట్టుకోలేదు. తాగకపోతే ముక్కు పక్కన ఒక్కో చుక్క తాకించండి, అదే చప్పరిస్తుంది. ముక్కు తెరిచి గరాటుతో పోయకూడదు, నాలుక మొదట్లోనే గాలిగొట్టం నోరు ఉంటుంది. జొన్నపిండి, ఉడికించిన గుడ్డు, మెత్తటి అన్నం కొద్దికొద్దిగా పెట్టండి. పోట్లాటలో తగిలిన గాయమైతే ఉప్పునీళ్ళతో కడిగి, పసుపు రాసి, మానేదాకా వేరుగానే ఉంచండి. ఎర్రగా కనబడే చోటును తక్కిన కోళ్ళు పొడుస్తాయి. ఈగలు వాలి పురుగులు పడకుండా పూట పూటకూ చూడండి. ఈ సేవతో రెండు మూడు రోజుల్లో లేచి తిరిగేవి చాలా ఉంటాయి. లేవకపోతే, లేదా రొమ్ము కండ కరిగి ఉంటే, పేపరు మీది రెట్టను వెంట పట్టుకుని దవాఖానాకు వెళ్ళండి. నట్టల గుడ్లు ఉన్నాయో లేవో సూక్ష్మదర్శిని కింద చూసి చెబుతారు. ఊహించి వేసే మందుకన్నా చూసి వేసే మందు చవక.

మందుల మీద గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. మనుషుల నొప్పి గోళీలు కోడికి వేయవద్దు. డైక్లోఫెనాక్ పక్షుల మూత్రపిండాలను చెడగొడుతుంది. రాబందులు దాదాపు అంతరించింది ఆ మందు పడిన పశువుల కళేబరాలు తినే, అందుకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. కోళ్ళకూ అది విషమే. యాంటీబయోటిక్‌లు కూడా డాక్టరు చెప్పకుండా వేయకండి. కొలిస్టిన్‌ను 2019 జులైలో ఆహారానికి పెంచే జంతువుల్లో నిషేధించారు, ఎందుకంటే మనుషులకు మరే మందూ పనిచేయనప్పుడు వైద్యుల చేతిలో మిగిలే ఆఖరి మందుల్లో అదొకటి. డాక్టరు మందు ఇచ్చినప్పుడు "ఎన్ని రోజుల దాకా గుడ్డు, మాంసం తినకూడదు?" అని తప్పక అడగండి. జబ్బు కోడిని కోసి వండుకోవడం, సంతకు తీసుకెళ్ళడం రెండూ వద్దు. బాగా ఉడికితే వైరస్ చస్తుంది నిజమే. కానీ ప్రమాదం తినడంలోకన్నా ఈకలు పీకి, పేగులు తీసే చేతుల దగ్గర ఎక్కువ. సంతకు వెళ్ళిన ఒక్క జబ్బు పుంజు సాయంత్రానికి పది ఊళ్ళకు తెగులు పంచుతుంది. చచ్చినదాన్ని వాగులో, రైలు పట్టాల పక్కన విసరకుండా లోతైన గుంటలో సున్నం చల్లి పూడ్చాలి, కుక్కలు తవ్వనంత లోతు.

తెగులు ఇలా ఒక ఊరి నుంచి మరో ఊరికి పాకుతుంది కాబట్టి సంత నుంచి గానీ, చుట్టాల ఇంటి నుంచి గానీ వచ్చిన కొత్త పుంజును ఎంత బాగున్నా రెండు మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో వదలాలి.

చివరికి మాట టీకా దగ్గరికే వస్తుంది. ప్రయోగశాలలో బలం తగ్గించిన సూక్ష్మజీవితో టీకా చేయవచ్చని లూయీ పాశ్చర్ 1880 నాటికి రుజువు చేసింది కోళ్ళ కలరా మీదే. అంటే ఈ విద్యకు పునాది కోళ్ళ కొట్టంలో పడింది. అదే విద్య ఇంకా మన పెరటి కోళ్ళ దాకా సరిగా చేరకపోవడం బాధ కలిగించే విషయం. కొక్కెర తెగులుకు పిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లాసోటా అనే టీకా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ముక్తేశ్వర్ పరిశోధన కేంద్రంలో రూపొందిన రకంతో చేసే ఆర్2బీ టీకాను రెక్క చర్మం కింద అర మిల్లీలీటరు ఇవ్వాలి. ఆరువారాల లోపు పిల్లలకు, జబ్బులో ఉన్నవాటికి ఆర్2బీ వద్దు. వారం ముందు నట్టల మందు పట్టిస్తే టీకా బాగా పడుతుంది. మశూచికి వేరే టీకా ఉంది.

చిక్కల్లా సీసా దగ్గర వస్తుంది. ఒక సీసాలో సాధారణంగా వంద కోళ్ళకు సరిపడా మందు ఉంటుంది. ఐస్‌లో పెట్టి తేవాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, మిగిలినది పారబోయాల్సిందే. ఐదు కోళ్ళున్న ఇంటికి సీసా తెప్పించుకోవడం గిట్టదు, డాక్టరుకూ ఒక్క ఇంటి కోసం రావడం కుదరదు. అందువల్ల ఎవరికి వారు ఊరుకుంటారు, తెగులు వచ్చినప్పుడు మాత్రం అందరివీ కలిసి పోతాయి. వీధిలో ఇరవై ఇళ్ళు మాట్లాడుకుంటే వంద కోళ్ళు అవుతాయి. తెల్లవారుజామున కోళ్ళు గంపల కిందే ఉండగా గంటన్నరలో పని అయిపోతుంది. మహిళా పొదుపు సంఘం ఉన్న ఊళ్ళో ఇది ఇంకా సులువు.

కాబట్టి ముద్ఖేడ్, భోకర్, ధర్మాబాద్ వైపు గానీ, సరిహద్దుకు ఇటువైపు గానీ పెరటి కోళ్ళు పెంచుకునే ప్రతి ఇంటికీ ఒక విన్నపం. పుంజు కునికే రోజు కోసం ఎదురుచూడకుండా, ఈ వారమే పక్కింటివారితో మాట్లాడండి, కోళ్ళ లెక్క రాసుకోండి, తాలూకా పశువుల దవాఖానాకు వెళ్ళి టీకా తేదీ అడగండి. వెళ్ళలేకపోతే 1962కు ఫోన్ చేయండి, డబ్బు పడదు.